ఎత్తు ఎక్కడినుండి?

లాలాగూడలో నిలిచిన విద్యార్థి తాను పల్లపు నేలమీద ఉన్నాననుకొనును. కాని ఆ నేలయే సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైన ఉన్నది. అది దక్కను పీఠభూమి. చేరువనున్న మౌలాలి గుట్ట శిఖరము సుమారు 600 మీటర్లు. బ్రిటనులో 2,000 అడుగులు, అనగా 610 మీటర్లు, ఉన్నదానిని పర్వతమనుట పరిపాటి. ఆ లెక్కన మన గుట్ట పర్వతమగుటకు ఆట్టే కొరత లేదు! దాని మెట్లెక్కినవారు దీనికి ఒప్పుకొందురా?

1891లో హ్యూ మన్రో స్కాట్లండులో 3,000 అడుగులు మించిన శిఖరముల పట్టికను ప్రకటించెను. అదియు సముద్రమట్టపు లెక్కయే. 1992లో వచ్చిన ‘మారిలిన్’ తరగతికి (మన్రోకు జతగా పెట్టిన చమత్కారపు పేరు) మొత్తము ఎత్తుతో పనిలేదు. ఒక శిఖరమునుండి అంతకన్న ఎత్తైన దానికి పోవలెనన్న, ఏ దారిన పోయినను కొంత దిగక తప్పదు. అన్ని దారులలోను అతి తక్కువగా దిగవలసినది 150 మీటర్లైనను ఉండవలెను. మౌలాలి గుట్ట చుట్టుప్రక్కల నేలనుండి అంత లేవదు. కనుక ఈ తరగతిలో చేరదు. నడచువాని కాళ్లకు తెలియునది ఈ కొలతయే గనుక, నాకిదియే న్యాయమని తోచును.

సర్వే ఆఫ్ ఇండియా పటములోని సమోన్నత రేఖలనుబట్టి ఏ ఊరి కొండకైనను దీనిని గణింపవచ్చును. శిఖరపు ఎత్తునుండి, ఇంకను ఎత్తైన కొండవైపు పోవు దారిలోని కనుమ ఎత్తును తీసివేసిన చాలును.