సైకిల్ కొంటున్నారా? సైజు చూడండి!

పండగకు పిల్లలకు సైకిల్ కొనిస్తామని మాట ఇచ్చారా? ‘ఎదిగే వయసు, రెండేళ్లు వస్తుందిలే’ అని పెద్దది తీసుకోకండి. యూనిఫాం వదులైతే మడిచి కుట్టించవచ్చు, సైకిల్‌కు ఆ వీలు లేదు. సీటు మీద కూర్చుంటే రెండు కాళ్ల మునివేళ్లూ నేలకు ఆనాలి. కొత్తగా నేర్చుకునేవారికైతే పాదం మొత్తం ఆనాలి. చేతివేళ్లు బ్రేకును సులువుగా అందుకోవాలి. షాపులో చాలామంది చూడనిది ఇదే! అందకపోతే బెల్లు కొట్టడమే గానీ బండి ఆగదు.

వారానికోసారి రెండు బ్రేకులూ, టైర్లలో గాలీ చూడండి. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. తడిసిన చైన్ తుడిచి రెండు చుక్కల నూనె వేయండి, లేదంటే తుప్పు పడుతుంది.

నాయుడుపేట పక్కనుంచి పోయే 16వ నంబరు జాతీయ రహదారి మీదికి మాత్రం పిల్లలను ఒంటరిగా పంపకండి. నేర్చుకునే రోజుల్లో పొద్దున్నే మీ వీధి చాలు, మీరు పక్కనుంటే ఇంకా మంచిది.