మత్స్యగెడ్డ నీరు, డెల్టా దాళ్వా

పెదబయలు కొండల్లో కురిసిన వాన మత్స్యగెడ్డలో చేరి జోలాపుట్ జలాశయానికి వెళ్తుంది. సుమారు 34 టీఎంసీలు పట్టే ఆ జలాశయం నీటితోనే మాచ్‌ఖండ్ కేంద్రంలో 1955 నుంచి కరెంటు తీస్తున్నారు. అక్కడి నుంచి నీరు బలిమెల, గుంటవాడ, డొంకరాయి దాటి, పొల్లూరులో దిగువ సీలేరు టర్బైన్లను తిప్పి శబరిలో పడుతుంది. కూనవరం దగ్గర శబరి గోదావరిలో కలుస్తుంది. ఈ దారిలో చివరి మజిలీ ధవళేశ్వరం కాలువలు, వాటి కింద సుమారు 10 లక్షల ఎకరాల మాగాణి.

సార్వాకు, అంటే ఖరీఫ్ వరికి, గోదావరి వరద చాలు. చిక్కంతా దాళ్వాతోనే, అంటే రబీ వరితోనే. డిసెంబరు దాటితే నదిలో సహజ ప్రవాహం సన్నగిల్లుతుంది. వానలు ముఖం చాటేసిన ఏడాది, సీలేరు కేంద్రాల్లో కరెంటు తీశాక వదిలే నీరే డెల్టాకు పెద్ద దిక్కు. బలిమెల నీటిలో ఒడిశాకూ వాటా ఉంది కనుక అదీ కావలసినంత దొరకదు. ఇక మిగిలింది పొలం అవసరాన్ని తగ్గించుకోవడమే.

ఆ పని కాలువ తెరవక ముందే మొదలవ్వాలి. ఉన్న నీరెంత, రాబోయేదెంత అని లెక్క చూసి, ఎన్ని ఎకరాలకు దాళ్వా ఇవ్వాలో జిల్లా నీటిపారుదల సలహా మండలి తేలుస్తుంది. ఆయకట్టు కుదించడం ఎవరికీ ఇష్టం ఉండదు. కానీ నాట్లు వేశాక నీళ్లు లేవనడం కన్నా అది వెయ్యి రెట్లు నయం. డిసెంబరు నెలాఖరుకు నాట్లు ముగిస్తే ఎండలు ముదరకముందే పంట చేతికొస్తుంది. స్వల్పకాలిక రకాలను వెదజల్లితే నారుమడి కాలమూ కలిసొస్తుంది.

తర్వాతిది వంతులవారీ విధానం. ఎగువ తూములు కొన్ని రోజులు మూసి శివారు పొలాలకు నీరు పంపుతారు. చిరుపొట్ట దశలో వంతు తప్పితే గింజ తాలైపోతుంది. అందుకే వంతులు కొరత ముదిరాక కాదు, ముందుగానే పెట్టాలి. 1997 నాటి సాగునీటి నిర్వహణ చట్టం కింద ఏర్పడిన నీటి సంఘాలు గట్టిగా నిలబడిన చోట ఈ పంపకం గొడవల్లేకుండా సాగుతుంది. మురుగు కాలువలకు అడ్డుకట్టలు వేసి, జారిపోయిన నీటిని ఇంజన్లతో తిరిగి పొలాలకు ఎక్కించడం డెల్టా రైతుకు అలవాటే.

నీరు పుట్టిన చోట పరిస్థితి వేరు. జోలాపుట్ కన్నా ఎత్తున ఉన్న పెదబయలు పొలాలకు ఆ జలాశయం అందదు. పల్లపు మడుల్లో వరి, గెడ్డకు అడ్డంగా రాళ్లూ మట్టీ పేర్చి మళ్లించిన నీటిమీదే పండుతుంది. మెట్ట మీద చోడి, సామ. వరికి సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు పడితే చోడికి అందులో మూడో వంతు చాలు. కరువును తట్టుకునే పంటల ఎంపిక గిరిజన రైతుకు కొత్తగా నేర్పనక్కర్లేదు. అతనికి కావలసింది ఊటలకు రక్షణ, కొండవాలు నీటిని పైపులతో పొలానికి దించే చిన్న ఏర్పాట్లు, చోడికీ సామకూ గిట్టుబాటు ధర. దాళ్వా నీటి లెక్కలు వేసే సమావేశంలో ఈ కొండ ఊటల సంగతీ చర్చకు రావాలి.