ఫొటోలో దాగి ఉన్న మాత్రిక



మాత్రికల గుణకారం, నిర్ధారకం, విలోమం మీరు ఇంటర్మీడియట్‌లో చేసే ఉంటారు. "ఇవన్నీ ఎందుకు?" అన్న సందేహమూ వచ్చే ఉంటుంది. ఈ పాఠంలో మీ ఫోను తీసే ఫొటోనే ఉదాహరణగా తీసుకొని జవాబు వెతుకుదాం.

నలుపు తెలుపు ఫొటో నిజానికి ఒక సంఖ్యల పట్టిక. అందులోని ఒక్కొక్క చుక్కను పిక్సెల్ అంటారు. దాని వెలుగును సాధారణంగా 0 (నలుపు) నుంచి 255 (తెలుపు) వరకు ఒక సంఖ్యతో సూచిస్తారు. అడ్డంగా 1000, నిలువుగా 1000 పిక్సెళ్లుంటే 10 లక్షల సంఖ్యలు దాచాలి. వాటిని తక్కువ చోటులో దాచడం ఎలా?

పక్కపక్కన ఉన్న రెండు పిక్సెళ్లు తీసుకోండి: 150, 154. వీటికి బదులు సగటును, తేడాలో సగాన్ని రాద్దాం:

(150 + 154)/2 = 152
(150 − 154)/2 = −2

మనం చేసింది మాత్రికా గుణకారమే. ఆ మాత్రిక మొదటి అడ్డువరుస 1/2, 1/2; రెండోది 1/2, −1/2. దీని నిర్ధారకం −1/2, అంటే సున్న కాదు. కాబట్టి విలోమం ఉంది; పాత సంఖ్యలు తిరిగి వస్తాయి: 152 + (−2) = 150, 152 − (−2) = 154.

ఇక్కడ లాభమేమిటి? రెండో సంఖ్య చాలా చిన్నది. దాన్ని 0 చేస్తే 152, 152 వస్తాయి. ఆ మార్పును కన్ను దాదాపు పట్టలేదు. సున్నలను దాచడానికి చోటు బాగా తక్కువ చాలు.

నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు 1974లో ప్రచురించిన 'వివిక్త కొసైన్ పరివర్తన' ఈ ఆలోచనకే మరింత విస్తృతమైన రూపం. 1992 నాటి జేపెగ్ ప్రమాణంలో ఫొటోను 8×8 గడులుగా విడగొట్టి, ఒక్కో గడికి ఈ పరివర్తనను వర్తింపజేస్తారు. వచ్చిన 64 సంఖ్యలను తగిన విలువలతో భాగించి, దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తారు. వాటిలో చాలావరకు సున్నలవుతాయి.

ఒక్క విషయం జాగ్రత్తగా గమనించండి. మాత్రిక దేన్నీ పారేయలేదు, పారేసింది మనం. పిక్సెళ్లు 20, 220 అయితే సగటు 120, రెండో సంఖ్య −100. దాన్ని తీసేస్తే రెండూ 120 అయి, నలుపు తెలుపుల మధ్య అంచు మాయమవుతుంది. సెలవు రోజు ఫొటోలో కాస్త మసక వచ్చినా ఫరవాలేదు. ఎక్స్‌రేలో ఎముక మీది సన్నని చీలిక చెరిగిపోతే నష్టం రోగికి. ఏది ఉంచాలో, ఏది వదలాలో తెలియాలంటే ఆ సంఖ్యల అర్థం తెలియాలి.

అభ్యాసం: (90, 96), (10, 240) జతలకు ఇదే లెక్క చేయండి. ఏ జతలో రెండో సంఖ్యను వదిలేయవచ్చు? ఎందుకు?