ఎలక్ట్రిక్ మాండొలిన్

ఎలక్ట్రిక్ మాండొలిన్ ఒక తంత్రీ వాద్యము. సంప్రదాయ మాండొలిన్ లోపల బోలుగా ఉంటుంది. ఎలక్ట్రిక్ మాండొలిన్ ను మాత్రం సాధారణముగా గట్టి చెక్క పలకతో, ఎలక్ట్రిక్ గిటారును తయారుచేసే పద్ధతిలోనే తయారుచేస్తారు. పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ (1969 - 2014) దీనిపై కర్ణాటక సంగీతాన్ని పలికించి మాండొలిన్ శ్రీనివాస్ గా ప్రసిద్ధి చెందాడు.

శబ్దము పుట్టే విధము

వీణలో తంత్రి కంపనము కుండకు చేరి అందులోని గాలిని కదిలిస్తుంది. అందుచేత వీణ నాదములో కలపకు ప్రధాన పాత్ర ఉన్నది. ఎలక్ట్రిక్ వాద్యములో శబ్దము వేరు దారిలో వస్తుంది. తంత్రుల క్రింద ఒక అయస్కాంతము, దాని చుట్టూ వెంట్రుకంత సన్నని రాగితీగ కొన్ని వేల చుట్లు ఉంటాయి. దీనిని పికప్ అంటారు. ఉక్కు తంత్రి కదిలినప్పుడు అయస్కాంత క్షేత్రములో మార్పు వచ్చి, 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ సూత్రము ప్రకారము ఆ చుట్టలో విద్యుత్తు పుడుతుంది. యాంప్లిఫయరు దానిని పెంచి స్పీకరుకు అందిస్తుంది. అంటే పికప్ గ్రహించేది గాలిలోని శబ్దాన్ని కాదు, తంత్రి కదలికను.

చరిత్ర

1932లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన 'ఫ్రైయింగ్ పాన్' అనే తొలి ఎలక్ట్రిక్ గిటారు అసలు చెక్కతో చేసినదే కాదు, పోత అల్యూమినియముతో చేసినది. లెస్ పాల్ 1940 ప్రాంతములో నాలుగంగుళాల మందము గల పైన్ దూలానికి తంత్రులు బిగించి ప్రయోగము చేశాడు. 1952లో పాల్ బిగ్స్‌బీ, టైనీ మూర్ అనే వాద్యకారుని కొరకు ఐదు తంత్రుల ఎలక్ట్రిక్ మాండొలిన్ చేశాడు. ఫెండర్ సంస్థ 1956లో నాలుగు తంత్రుల మాండొలిన్ ను విడుదల చేసింది.

శ్రీనివాస్ ఆరేళ్ళ వయసులో మాండొలిన్ పట్టాడు. అతని గురువు రుద్రరాజు సుబ్బరాజుకు ఈ వాద్యము రాదు. ఆయన పాడేవాడు, శిష్యుడు ఆ పాటను తంత్రులపై వెదుక్కొనేవాడు. వాద్యానికి లొంగే స్వరాలను మాత్రమే వాయించి ఊరుకొనే అవకాశము ఇటువంటి శిక్షణలో లేదు, గొంతులో పలికిన ప్రతి గమకమూ తంత్రిమీద పలకవలసిందే. సంప్రదాయ మాండొలిన్ లో నాలుగు జంటలుగా ఎనిమిది తంత్రులు ఉంటాయి. గమకము కొరకు జంటను ప్రక్కకు లాగినప్పుడు రెండు తంత్రులూ సమానముగా సాగవు, శ్రుతి విడిపోతుంది. పైగా నాదము త్వరగా ఆరిపోతుంది. శ్రీనివాస్ జంటలకు బదులు ఐదు ఒంటి తంత్రులు గల ఎలక్ట్రిక్ మాండొలిన్ ను వాడాడు. 1978లో గుడివాడలో జరిగిన త్యాగరాజ ఆరాధనోత్సవాలలో తొలి కచేరీ చేశాడు. 1998లో పద్మశ్రీ పురస్కారము పొందాడు.

కలప ఎంపిక

కలప జాతినిబట్టి ఎలక్ట్రిక్ వాద్యపు ధ్వని ఎంతవరకు మారుతుందన్న విషయములో తయారీదారుల మధ్య ఏకాభిప్రాయము లేదు. అమెరికన్ గిటార్లలో యాష్, ఆల్డర్, మహాగని, మేపుల్ ప్రసిద్ధి పొందడానికి నాదముతోపాటు అవి అక్కడి సంస్థలకు సులభముగా దొరకడం కూడా కారణమే. కలప వంగకుండా నిలవడం, తంత్రి శక్తిని మింగివేయకుండా నాదాన్ని ఎక్కువసేపు నిలపడం మాత్రము నిర్వివాదముగా అవసరము. గమకమంతా ఆ నిలిచే నాదముమీదనే ఆధారపడుతుంది.

గోదావరి డెల్టాలో గాలిలో తేమ ఎక్కువ. కనుక ఇక్కడ ఏ జాతి కలప అన్నదానికంటె అది ఎంత ఆరినది అన్నదే ముఖ్యము. అంగుళము మందము గల పలకను నీడలో, గాలి ఆడేటట్లు పేర్చి సుమారు ఒక సంవత్సరము ఆరబెట్టాలని వడ్రంగుల వాడుక. తేమ 12 శాతము దగ్గరకు రాని పలకతో చేసిన దండి కొద్ది నెలలలోనే మెలితిరుగుతుంది. పాత ఇళ్ళ ద్వారబంధాలు, దూలాలు ఏళ్ళ తరబడి ఆరి ఉన్నవి గనుక మంచి ఎంపిక. అయితే కోయకముందే వాటిలోని మేకులన్నీ ఊడదీయాలి.

టేకు ఈ ప్రాంతములో పేరుపొందిన కలప. ఒకప్పుడు ఎగువ అడవులలో నరికిన దుంగలను తెప్పలుగా కట్టి గోదావరిమీద రాజమండ్రికి తెచ్చేవారు. టేకు వంగదు, చెదపురుగును తట్టుకుంటుంది. కాని దానిలోని నూనె వలన జిగురు సరిగా పట్టదు, అతికే ముందు స్పిరిటుతో తుడవాలి. దానిలోని సిలికా వలన ఉలి, చిత్రిక త్వరగా మొద్దుబారుతాయి. పనస టేకుకంటె సులభముగా చెక్కబడుతుంది. బొబ్బిలి వీణలకు వాడేది ఈ చెక్కనే. కోసినప్పుడు పసుపుపచ్చగా ఉండి, కాలక్రమేణా గోధుమరంగుకు తిరుగుతుంది. వాద్యపు మొండెమునకు పనస, దండికి టేకు ఈ ప్రాంతానికి తగిన జోడు అని చెప్పవచ్చును.

కోనసీమలో ఎటు చూసినా కనిపించే కొబ్బరి మాను దీనికి పనికిరాదు. కొబ్బరి, తాడి ఏకదళబీజ వృక్షాలు. వాటి మాను అంచున గట్టిగా, నడుమ మెత్తగా ఉంటుంది. మామిడి చవక, కాని త్వరగా పుచ్చుతుంది. నిద్రగన్నేరు చెక్కడానికి సులభమైనా ఆరేటప్పుడు మెలితిరుగుతుంది. మెట్లు అమర్చే పైపలకకు వేళ్ళ రాపిడిని తట్టుకొనే జిట్రేగి వంటి బరువైన కలప కావాలి. జిట్రేగితో సహా డాల్బెర్జియా జాతుల అంతర్జాతీయ వ్యాపారముపై 2017 నుండి నియంత్రణ ఉన్నది. తయారైన వాద్యాలకు 2019లో మినహాయింపు ఇచ్చారు.

తయారీ విధానము

దండికి చేవదేరిన చెక్కను, ముడులు లేనిదానిని, వలయాలు పైపలకకు నిలువుగా వచ్చేటట్లు కోసినదానిని ఎన్నుకోవాలి. ఆరు తంత్రుల గిటారు దండి సుమారు 45 కిలోల లాగుడును భరించాలి. మాండొలిన్ దండి పొట్టిది గనుక ఇబ్బంది తక్కువ. అయినా సన్నని ఉక్కు కడ్డీని లోపల అమర్చడం మంచిది.

మెట్ల స్థానాలలో పొరపాటుకు తావులేదు. వీణలో మెట్లను మైనముపై నిలుపుతారు గనుక తరువాత సవరించవచ్చును. ఇక్కడ రంపపు గాటులో దిగగొట్టిన మెట్టును కదపలేము. తంత్రి పొడవును 17.817తో భాగిస్తే మొదటి మెట్టు దూరము వస్తుంది. మిగిలిన పొడవును మరల అదే సంఖ్యతో భాగిస్తే రెండవది. తంత్రి పొడవు 350 మిల్లీమీటర్లైతే మొదటి మెట్టు 19.6 మి.మీ. వద్ద, పన్నెండవది సరిగా సగములో, అనగా 175 మి.మీ. వద్ద వస్తాయి. ప్రతి మెట్టునూ క్రిందటి మెట్టునుండి కాక మొదటినుండే కొలవాలి. లేనిచో చిన్న చిన్న తేడాలు పేరుకొని పై స్థాయిలో అపస్వరము పలుకుతుంది.

మొండెములో పికప్ కొరకు గుంత తొలిచి, తీగలకు దారి చేసి, ఉప్పుకాగితముతో నునుపు చేస్తారు. లక్క పాలిష్ ను పలుచని పూతలుగా వేస్తారు. అన్నివైపులా, గుంత లోపల కూడా పూయాలి. ఒకవైపే పూస్తే రెండవవైపునుండి తేమ పీల్చి పలక వంగుతుంది. బ్రిడ్జినుండి ఒక తీగను ఎర్తుకు కలపకపోతే స్పీకరులో హోరు వినిపిస్తుంది. సముద్రానికి దగ్గరి ఊళ్ళలో ఉప్పుగాలికి ఉక్కు తంత్రులు త్వరగా తుప్పుపడతాయి కాబట్టి వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడవాలి.