ఇద్దరు మగవాళ్లు కలిసి టీ తాగితే డేటేనా?

హైదరాబాద్‌లో ఏ ఇరానీ హోటల్లోనైనా ఇద్దరు కుర్రాళ్లు మూల టేబుల్ దగ్గర గంటసేపు కూర్చుంటే ఎవరూ తలతిప్పి చూడరు. అదే అబ్బాయీ అమ్మాయీ అయితే పక్క టేబుల్ వాళ్లే సంబంధం ఖాయం చేసేస్తారు. మగవాళ్ల స్నేహానికి మన దగ్గర అంత చోటుంది: భుజం మీద చెయ్యి, ఒకే బండి, ఒకే అద్దె గది. గే, బైసెక్సువల్ పురుషులకు ఈ చాటు అక్కరకొస్తుంది. ఇబ్బందీ అక్కడే. వచ్చింది డేట్‌కా, ఊరికే కబుర్లకా అన్నది ఒక్కోసారి ఎదురెదురుగా కూర్చున్న ఆ ఇద్దరికే తెలియదు.

2009లో మొదలైన గ్రైండర్ లాంటి యాప్‌లు ఈ సందేహాన్ని సగం తీర్చాయి. దగ్గర్లో ఎవరున్నారో దూరాన్ని బట్టి వరసగా చూపిస్తాయి కాబట్టి, అవతలి మనిషికి మగవాళ్లంటే ఇష్టమా అని అడగక్కర్లేదు. కాకపోతే చాలాసార్లు నాలుగు మాటలు దాటకముందే 'ప్లేస్ ఉందా?' దగ్గరికొస్తుంది. ఇద్దరూ ఇష్టపడి అందుకే కలిస్తే తప్పేం లేదు. దాన్ని హుకప్ అంటారు, డేట్ అనరు.

మరి డేట్ ఏది? నా లెక్కలో, ఆ మనిషితో కాసేపు గడపడమే పనిగా పెట్టుకుని రావాలి. ఇది స్నేహం దాటి వెళ్లొచ్చన్న సంగతి ఇద్దరికీ తెలిసుండాలి. అంతే. ట్యాంక్‌బండ్ మీద మొక్కజొన్న పొత్తు తింటూ నడిచినా డేటే. ఒకరికే తెలిస్తే మాత్రం కాదు. అందుకని బయల్దేరే ముందే 'నేను డేట్ అనుకునే వస్తున్నా, నువ్వు?' అని ఒక మెసేజ్ పెట్టడం మేలు. కాదంటే కాస్త చిన్నబోతాం, అంతకుమించి పోయేదేం లేదు.

పడక ముందా, పరిచయం ముందా అన్నది కొలత కాదు. చాలామంది విషయంలో ఈ వరస తిరగబడుతుంది. విచ్చలవిడితనం అని తీసిపారేసేవాళ్లు చట్టం నడిచిన దారి చూడాలి. స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన సెక్షన్ 377 నుంచి 2009లో ఢిల్లీ హైకోర్టు ఊరటనిచ్చింది, 2013లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 2018 సెప్టెంబరు 6న గానీ, ఇష్టపడిన పెద్దవాళ్ల మధ్య సంబంధం నేరం కాదని ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చలేదు. ఇటు చట్టం, అటు ఇల్లు భయపెడుతుంటే, పేరు కూడా చెప్పకుండా కలుసుకోవడం ఎందరికో అలవాటైంది. అలా కలిసినవాళ్లలో ఒకరు వారం తర్వాత 'ఆదివారం సినిమాకి వస్తావా?' అంటే, అదీ వాళ్ల మొదటి డేట్. పెళ్లిచూపులకున్నట్టు దీనికి ముందే గీసిన గమ్యం లేదు. స్వలింగ జంటల పెళ్లికి 2023లో సుప్రీంకోర్టు గుర్తింపునివ్వలేదు. ఆ కేసులో మొదటి పిటిషనర్లు హైదరాబాద్ జంటే.

బైసెక్సువల్ పురుషుడి చిక్కు వేరు. అమ్మాయితో కాఫీకి వెళ్తే స్నేహితులు ఆటపట్టిస్తారు, అబ్బాయితో వెళ్తే ఫ్రెండ్ అనుకుంటారు. చూసిచూసి అతనే రెండోదాన్ని లెక్కలోంచి తీసేస్తాడు. ఇంట్లో భార్యో, గర్ల్‌ఫ్రెండో ఉండి, 'మగవాడే కదా, ఇది డేట్ కిందికి రాదులే' అని సర్దిచెప్పుకునేవాళ్లూ ఉన్నారు. నేనొప్పుకోను. ఎదురుగా కూర్చున్నది మగవాడైనంత మాత్రాన దాచిన సంగతి చిన్నదైపోదు.

బిల్లు ఎవరు కట్టాలన్నదానికి ఇక్కడ తాతలనాటి రివాజేమీ లేదు. పిలిచినవాళ్లు కట్టొచ్చు, చెరిసగం వేసుకోవచ్చు.

జాగ్రత్త మాత్రం తప్పదు. యాప్‌లో పరిచయం పెంచుకుని, గదికి పిలిచి, ఫొటోలు తీసి, ఇంట్లో చెబుతామని బెదిరించి డబ్బు గుంజిన కేసులు మన నగరాల్లో ఉన్నాయి. మొదటిసారి జనమున్న చోటే కలవాలి. ఎక్కడికి వెళ్తున్నదీ నమ్మకమైన స్నేహితుడొకరికి చెప్పి ఉంచాలి. ఎవరైనా బెదిరిస్తే ఆ చాట్ చెరిపేయకుండా దాచి పోలీసుల దగ్గరికి వెళ్లొచ్చు. చట్టం దృష్టిలో ఇప్పుడు నేరం బెదిరించి డబ్బు గుంజడమే, ఇద్దరు మగవాళ్లు ఇష్టపడి కలవడం కాదు.