శునకాల కాలేయ కణితులు: అబ్లేషన్ అనంతర చిత్రాల పరిశీలన

శునకాల కాలేయంలో పుట్టే ప్రాథమిక కణితులలో హెపటోసెల్యులర్ కార్సినోమా ప్రధానమైనది. ఒకే లంబికకు పరిమితమైన కణితిని శస్త్రచికిత్సతో తొలగించడం మేలు. అది వీలుకాని చిన్న కణితులలోనికి సూది ద్వారా రేడియో లేదా మైక్రోవేవ్ శక్తిని పంపి, కణజాలాన్ని 60 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడిచేసి నిర్జీవం చేయడమే అబ్లేషన్.

చికిత్స ముగిసిన వెంటనే అల్ట్రాసౌండ్‌లో కనిపించే తెల్లని మబ్బు వేడికి పుట్టిన వాయు బుడగల వల్ల ఏర్పడినది. దానిని బట్టి నశించిన భాగాన్ని కొలవరాదు. బుడగలు తగ్గిన తరువాత కాంట్రాస్ట్ మందుతో అల్ట్రాసౌండ్ లేదా సీటీ పరీక్ష చేయాలి. నిర్జీవ కణజాలంలో రక్తప్రసరణ ఉండదు గనుక అక్కడికి కాంట్రాస్ట్ చేరదు. అంచు చుట్టూ పలుచగా, సమంగా మెరిసే వలయం వేడికి కలిగిన ప్రతిచర్య మాత్రమే. అది క్రమంగా తగ్గిపోతుంది. అంచున ఒకచోట మాత్రమే గడ్డవలె మెరిసినచో కణితి మిగిలినట్లు అనుమానించాలి.

కణితి చుట్టూ ఉన్న ఆరోగ్యకర కణజాలాన్ని కూడా కొంత కలిపి నిర్జీవం చేస్తారు. అందువల్ల తొలి చిత్రంలో ఆ భాగం అసలు కణితి కన్నా పెద్దదిగా కనిపిస్తుంది. దీనిని పెరుగుదలగా పొరబడినచో శునకానికి అనవసరంగా మరల చికిత్స జరగవచ్చు, లేదా యజమాని ఆశ వదులుకోవచ్చు. కనుక నర్సింహులపేట వంటి మండలాల నుండి దూరపు ఆసుపత్రికి వెళ్ళే యజమానులు చికిత్సానంతర తొలి చిత్రాలను భద్రపరచుకొనేలా స్థానిక పశువైద్యులు చూడాలి. తరువాత కనిపించే పరిమాణాన్ని పోల్చవలసినది వాటితోనే.