వాటర్ కట్ లెక్క

జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ చుట్టుపక్కల ఏ పెట్రోల్ బంకుకు వెళ్లినా, అనుమానం వస్తే 5 లీటర్ల కొలపాత్రలో పోసి చూపించమని అడిగే హక్కు మనకుంది. సాంద్రత చూపమంటే హైడ్రోమీటర్ ముంచి చూపించాలి. భూమిలో ఉన్న ట్యాంకు అడుగున నీళ్లు చేరాయేమోనని సిబ్బంది డిప్ రాడ్ కొసకు ఒక పేస్టు రాసి దించుతారు. నీరు తగిలినంత మేరా దాని రంగు మారిపోతుంది. ఇక్కడ కొలత తేలిక, ఎందుకంటే వచ్చింది శుద్ధి అయిన సరుకు. కష్టమంతా చమురు బావి దగ్గరే.

కోనసీమ తీరానికి ఎదురుగా సముద్రంలో ఉన్న రవ్వ క్షేత్రాన్నే తీసుకోండి. ఓఎన్‌జీసీ 1987లో కనిపెట్టిన ఈ క్షేత్రంలో 1993లో ఉత్పత్తి మొదలైంది. బావుల్లోంచి వచ్చేదంతా పైపుల్లో ఎస్.యానాం టెర్మినల్‌కు చేరుతుంది. ఆ టెర్మినల్ సామర్థ్యం రోజుకు 70,000 బారెళ్ల చమురు. భూగర్భంలోకి నీళ్లు ఎక్కించే సామర్థ్యమేమో 1,10,000 బారెళ్లు. బారెల్ అంటే సుమారు 159 లీటర్లు. చమురుకన్నా నీటి ఏర్పాటే పెద్దది! చమురున్న రాతి పొరలో ఒత్తిడి పడిపోకుండా, చమురును బావివైపు నెట్టడానికి ఆ నీళ్లు. ఏళ్లు గడిచేకొద్దీ అలా నెట్టిన నీరే, పొరలోని ఉప్పునీటితో కలిసి పైకి వస్తుంది. వచ్చే ద్రవంలో నీటి వాటాను వాటర్ కట్ అంటారు.

ఇప్పుడు చిన్న లెక్క. ఒక బావి రోజుకు 1,000 బారెళ్ల ద్రవం ఇస్తోంది. వాటర్ కట్ 10 శాతం ఉన్నప్పుడు మీటరు 11 అని చూపితే, 900 బారెళ్ల చమురు 890 అనిపిస్తుంది. పెద్ద తేడా కాదు. అదే బావి ముసలిదై వాటర్ కట్ 95కు చేరాక మీటరు 96 అని చూపితే? 50 బారెళ్లు 40 అయిపోతాయి. తప్పు అదే ఒక్క శాతం, చమురు లెక్కలో మాత్రం అయిదో వంతు గల్లంతు. అమ్మే చమురును నీళ్లు తీసేశాకే కొలుస్తారు, నిజమే. కానీ ఏ బావిని నడపాలో, దేన్ని మూసేయాలో తేల్చేది ఈ అంకెలే. అందుకే పాత క్షేత్రాలకు మంచి మీటర్లు ఎందుకులే అనుకోవడం నాకు మింగుడుపడదు. అక్కడే వాటి అవసరం ఎక్కువ.

పాత పద్ధతి టెస్ట్ సెపరేటర్. ఒక్కో బావి ద్రవాన్ని వంతులవారీగా పెద్ద పాత్రలోకి మళ్లించి, గ్యాసు పైకి, నీళ్లు అడుక్కి, చమురు మధ్యకి తేరుకున్నాక విడివిడిగా కొలుస్తారు. నమ్మదగినదే, కానీ ఆ బావి వంతు మళ్లీ వచ్చేదాకా దాని సంగతి తెలియదు. చమురూ నీరూ చిలికినట్టు కలిసిపోయి ఎమల్షన్ అయితే తేరుకోవడమూ కష్టమే.

పారుతుండగానే కొలవాలంటే రెండు ద్రవాల స్వభావంలో తేడా పట్టుకోవాలి. ఒకటి బరువు. కొరియాలిస్ మీటరులో గొట్టం సన్నగా కంపిస్తూ ఉంటుంది. లోపల పారేది బరువైతే కంపనం నెమ్మదిస్తుంది. చమురు సాంద్రత 0.85, నీటిది 1.00 అనుకుందాం. మిశ్రమానిది 0.925 వస్తే సగం నీళ్లు. అయితే గ్యాసు బుడగలు చొరబడితే మిశ్రమం తేలికపడి, లేని చమురు ఉన్నట్టు కనిపిస్తుంది.

రెండోది విద్యుత్ గుణం. డైఎలక్ట్రిక్ స్థిరాంకం చమురుకు 2 దరిదాపుల్లో, నీటికి 80 దరిదాపుల్లో ఉంటుంది. ఇంత తేడా ఉంటే పట్టేయడం సులువే అనిపిస్తుంది. చమురులో నీటి చుక్కలు తేలుతున్నంతవరకూ సులువే. నీళ్లు పెరిగి, నీటిలో చమురు చుక్కలు తేలే దశ వచ్చిందా, ఉప్పునీరు కరెంటును పోనిస్తుంది కాబట్టి ఆ కొలత పనిచేయదు. అప్పుడు ద్రవం కరెంటును ఎంతమేరకు పోనిస్తుందో చూసి నీటి వాటా కట్టాలి. దానికి నీటి ఉప్పదనం ముందే తెలిసి ఉండాలి. పైనుంచి ఎక్కించిన నీరూ పొరలోని నీరూ ఒకే ఉప్పదనంతో ఉండకపోతే, వాటి పాళ్లు మారేకొద్దీ మీటరుకిచ్చిన ఉప్పు అంకె పాతబడుతుంది. అందుకే శాంపిల్ పట్టి, ల్యాబులో నీటి శాతాన్ని, ఉప్పదనాన్ని తేల్చి, మీటరును ఎప్పటికప్పుడు సరిచేస్తుంటారు.